ఐదో పొర పేరు

"కేంబ్రియన్, ఆర్డోవీషియన్, సైలూరియన్, డెవోనియన్..."

వికారాబాద్‌ల మా ఇంట్ల బండల మీద బోర్ల పండుకొని నా మన్మరాలు బట్టీ పడుతున్నది. ఎల్లుండి పరీక్ష. నేను పక్కన కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. రెండో పేరుకాడికి వచ్చేసరికి దానికి నాలుక మడత పడుతది, మళ్ళ మొదటికొస్తది. దానికి చిరాకు. వినీవినీ నాకు అంతకంటె చిరాకు.

ఏం పేర్లే ఇవి అని అడిగితె బుక్కు నా దిక్కు తిప్పింది. భూమి పుట్టినకాన్నుంచి గడిచిన కాలాలట. రంగురంగుల పట్టీలు ఒకదాని మీద ఒకటి, ఒక్కోదానికి ఒక్కో పేరు. అన్నిటికంటె కింద ఒక బూడిదరంగు పట్టీ ఉన్నది, దాని మీద ప్రీకేంబ్రియన్ అని రాసి ఉన్నది. అదేంది అన్న. అది ఉత్త కేంబ్రియన్ కంటె ముందుది అమ్మమ్మా, దాంట్ల ఏం లేదు, పరీక్షల రాదు అని పేజీ తిప్పింది.

నాకు ఒళ్ళు మండింది. పోరి కడుపు కింద సల్లగున్న బండ ఆ కాలందే. దాంట్ల ఏం లేదట! చిన్నపిల్ల, దాన్ని ఏమంట. కాని గీ మాటనే ఒకసారి నేను దానంత ఉన్నప్పుడు విన్న. అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే.

మా ఊరు తాండూరు అవతల, కరణ్‌కోట పోయే బాట దిక్కు. అప్పటికి ఆడ సిమెంటు ఫ్యాక్టరీ లేదు, పొగ లేదు. కంది చేన్లు, జొన్న చేన్లు, నడుమ నడుమ బండల గనులు. నిజాం పోయిండు, ఉర్దూ బడి తెలుగు బడి అయింది, ఆంధ్ర తెలంగాణ ఒకటైనయని పంతులు బడిల చక్కెర బత్తీసలు పంచిండు. ఆ కొత్తల ముచ్చట ఇది.

వానకాలం సేద్యం, తక్కిన దినాలు గని. మా తాత గనిల పెద్దమనిషి. సుత్తెతోని బండ మీద తట్టి చెవి పెట్టి వింటుండె. లోపల గాలున్నది, లేస్తది అంటె లేస్తుండె. లేవదు అంటె పది మంది గడ్డపారలు పట్టినా లేవకపోతుండె. మధ్యాహ్నం సద్ది మూట ఇప్పితె జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం వాసన. చుట్టూ తడిసిన బండ పొడి వాసన, కొలిమిల కాల్చిన ఉలి వాసన. ఇప్పుడు ఏ బజార్ల పోతున్నా ఎవరన్న రాయి కోస్తుంటె నేను ఆగి నిలబడుత. నా అల్లుడు దుమ్ము అంటడు, పదండి అంటడు.

మా గనిల పొరకొక పేరు. ఏ పొరను ఎవరి చెయ్యి ముందుగాల తెరిస్తె వాళ్ళు పేరు పెట్టాలె, కొబ్బరికాయ కొట్టాలె, బెల్లం పంచాలె. మీది మట్టి తీస్తె మొదలు పటేల్ బండ. చూడనీకె నున్నగుంటది, లోపటంత పగుళ్ళు, దేనికీ పనికిరాదు. ఆ పేరు పటేల్ ముంగట ఎవ్వరూ తియ్యకపోతుండ్రి. రెండోది గొడ్డుబండ, ఎంత కొట్టినా పలక ఇయ్యదు. మూడోది పసుపుబండ. నాలుగోది సవతులు. రెండు పల్చటి బండలు అంటుకొని ఉంటయి, ఇడదీసినవంటె రెండూ ఇరుగుతయి. ఆరోది నీళ్ళబండ, దాని కింద ఊటనే.

ఐదోది మా నాయినమ్మ పొర.

ఒకనాడు తాతకు సద్ది తెచ్చి జొన్నగట్క కుండ కింద దించుతుంటె అడుగున బండ గంట లెక్క మోగిందట. ఈడ కొట్టు అన్నదట ఆమె. సవతులను తీసిపారేసి కొడితె, సుట్టిన సాప ఇప్పినట్టు నీలిబండ వచ్చిందట. ఆ బండతోనే మా ఇంట్ల పూటకింత గట్క ఉడికింది, ఇద్దరు కొడుకుల పెండ్లిళ్ళయినయి. పొరకు ఆమె పేరే పెట్టిండ్రు. నేను పుట్టకముందే జ్వరమొచ్చి పోయింది. ఆమెకు ఫోటో లేదు, గోరీ మీద రాత లేదు. ఆమె పేరు మిగిలింది రెండే తావుల. ఒకటి ఆ పొర. ఇంకోటి మా పెద్దనాయిన బిడ్డ. ఆమె పోయినంక పుట్టిన మొదటి ఆడపిల్ల గనుక ఆ పేరు అక్కకు పెట్టిండ్రు. నాకంటె ఒక్క ఏడాది పెద్ద.

ఊరందరి సంగతి నాకు తెల్వదు గని, మా ఇంట్ల పెండ్లాం పేరు మొగడు నోట పలుకకపోతుండె. పలికితె ఆమె ఆయుష్షు తగ్గుతదని. సచ్చిపోయినామెకు ఇంక ఆయుష్షు ఏడిది తాతా అని నేను ఒకసారి అడిగి వీపు మీద ఒకటి తిన్న. పొరకు పేరు పెట్టినాయన తనే, అయినా దాన్ని 'గా పొర' అంటుండె. అక్కను 'అవ్వా' అని పిలుస్తుండె. మార్కెట్‌కెల్లి ఏం తెచ్చినా 'అవ్వా, పట్టు' అని ముందు దానికే. నేను పోరిని. 'పోరీ, చెంబు తే.' నాకు అది ఎంత మండుతుండెనో చెప్పలేను. ఒక్క ఏడాది ఆలస్యంగ పుట్టి ఆ పేరు ఎందుకు పోగొట్టుకున్న అని ఏడ్చిన దినాలున్నయి.

ఆ ఏడు చలికాలం సర్వే సారు వచ్చిండు. కోస్తా దిక్కు మనిషి. జీపు, డేరా, ఒక వంటాయన, ఒక చిన్న సుత్తె. గనికి అవతలి గట్టున డేరా ఏసిండు. ఏ భూమి కింద ఏ బండున్నదో సర్కారుకు రాసిచ్చుడు ఆయన పని. ప్రతి ఒక్కరిని 'అండీ' అంటుండె, ఆఖరుకు మా మేకను గూడ 'పక్కకు జరగండీ' అన్నడు. మేము నవ్వి నవ్వి సచ్చినం.

ఆయనకాడ ఒక సీస ఉండె. దాంట్లకెల్లి చుక్క తీసి బండ మీద ఏస్తె బుస్సుమని పొంగుతుండె. సున్నపురాయి అయితెనే పొంగుతదట. ఒకనాడు ఆయన కొలతలకు పోంగనే అక్క, నేను ఆ సీస ఎత్తుకొచ్చినం. ఇంటి గడప మీద పోసినం, పొంగింది. ఇసుర్రాయి మీద పోసినం, ఉలుకు లేదు పలుకు లేదు. పెద్దమ్మ కాళ్ళు కడుక్కునే బండ మీద పోసినం, నురగ చూసి దయ్యమని పెద్దమ్మ ఒర్లింది. సీస గడ్డివాములకు పోయింది. సారు ఒక దినమంత దానికోసం ఎతికిండు.

పొద్దుగూకితె తాత డేరాకాడికి పోయి కూసుంటుండె, ఎంట మేమిద్దరం. సారు బుక్కు తీసి ఈ కాలాల పేర్లు చెప్పిండు. ఇప్పుడు నా మన్మరాలు బట్టీ పడుతున్నయి అవే. ఇవన్నీ దేవుడు పెట్టినయా అని తాత అడిగిండు. కాదండీ అని సారు ఇప్పిచెప్పిండు. కేంబ్రియన్ అంటె ఇంగ్లండు పక్కపొంటి ఉన్న ఒక చిన్న దేశం పాత పేరట. డెవోనియన్ అంటె ఒక జిల్లా. జురాసిక్ అంటె జురా అని ఒక గుట్టల వరుస. పెర్మియన్ అంటె రష్యాల ఒక ఊరు. బొగ్గు దొరికినదానికి బొగ్గు పేరు, సుద్ద దొరికినదానికి సుద్ద పేరు. ఒక తావుల మూడు తీర్ల పొరలు కనబడితె మూడు అనే అర్థం వచ్చేటట్టు పెట్టిండ్రట. అంటె ఎవరు ముందు చూసిండ్రో, ఏ ఊర్ల చూసిండ్రో, ఆ పేరు.

తాత సుట్ట ఆర్పి, గంతేనా సారూ, మేము గూడ గట్లనే పెడుతం గద అన్నడు. పటేల్ బండ కత చెప్పితె సారు కండ్లల్ల నీళ్ళొచ్చేటట్టు నవ్విండు.

సైలూరియన్, ఆర్డోవీషియన్ రెండూ ఆ చిన్న దేశంల ఎనకట ఉన్న జాతుల పేర్లట. దానికి ఒక కత ఉన్నది. ఇద్దరు దోస్తులు, ఒకాయన కింది పొరలు చూసిండు, ఒకాయన మీది పొరలు చూసిండు. నడిమి పొరలు నావంటె నావి అని కొట్లాట పెట్టుకొని మాట్లాడుకునుడు బంద్ చేసిండ్రట. సచ్చేదాకా అంతేనట. ఇద్దరూ పోయినంక మూడో మనిషి వచ్చి, నడిమి పొరలు తీసి పక్కకు పెట్టి, వాటికి ఇంకో జాతి పేరు పెట్టిండట. రాళ్ళకోసం ఎవరన్న కొట్లాడుకుంటరా అని నేను, అక్క ఒకరి మీద ఒకరం పడి నవ్వినం.

మరి మా బండ ఏ కాలందని నేనే అడిగిన. సారు, ఇందులో ప్రాణమున్న దేని ఆనవాలూ దొరకలేదమ్మా, కేంబ్రియన్ కంటే పాతదనుకుంటున్నాం, దానికి ముందుది అంటాం, అంతే అన్నడు.

తాతకు కోపమొచ్చింది.

"ముందు పుట్టినోనికి ఎనుక పుట్టినోని పేరు పెడుతరా సారూ? తమ్మునికి పేరుండి అన్నకు లేదా?"

సారు నోట్‌బుక్కు తెరిచి పెన్సిల్ తీసిండు. మీరు పిలిచే పేర్లు నా రిపోర్టులో రాస్తాను, పైకి పంపిస్తాను అన్నడు. అంతే, తాతకు సాలు. సర్కారు బుక్కుల పొరల పేర్లు ఎక్కుతయి, దాంట్ల ఆమె పేరు ఎక్కుతది. ఆ రాత్రి నుంచి మనిషి నడకనే మారింది. దినానికో పొర చూపిచ్చి పేరు రాయిస్తుండె. గా పొర ఆఖరుకు, నేనే రాయిస్త, ఎవ్వరు చెప్పొద్దు అని గనిల అందరికి ఆన పెట్టిండు. గోరీ మీద పేరు చెక్కియ్యలే, ఇదన్న చేస్త అని పెద్దనాయినతోని అన్నది నేను విన్న.

ఇగ అక్క! నా పేరు సర్కారు బుక్కుల ఎక్కుతది, ఢిల్లీల చదువుతరు అని చింతచెట్టు కాడ, బాయికాడ, ఏడ బడితె ఆడ అదే మాట. నీ పేరు కాదే, నాయినమ్మ పేరు అని నేనంటె, రెండూ ఒకటే, నీది ఏ బండకు పెడుతరు, గొడ్డుబండకా అన్నది. పోరగాండ్లందరు నవ్విండ్రు. అప్పటికెల్లి నేను దానితోని మాట్లాడలే. ఆ ఇద్దరు దోస్తుల తీర్గనే, ఇంట్ల పక్కపక్కన పండుకొని మొకం తిప్పుకున్నం.

సారు పోయే ముందటి దినం. నాయిన, పెద్దనాయిన బండ్లల్ల బండలేసుకొని తాండూరు స్టేషన్‌కు పోయిండ్రు. అక్క రెండో తరగతిలనే బడి బంద్ చేసింది, చిన్న తమ్ముని ఎత్తుకొని ఇంటికాడ ఉన్నది. నేను సద్ది తీసుకొని గనికి పోయిన. ఆడ తాత, సారు ఇద్దరే ఉన్నరు. తాత కొత్త ధోతి కట్టిండు, గనిల ఎవరన్న కొత్త ధోతి కడుతరా? నీలిపొర అంచు నీళ్ళు పోసి కడిగి పెట్టిండు.

సారు పెన్సిల్ పట్టి, దీని పేరు చెప్పండి అన్నడు. తాత నోరు తెరిచిండు, మూసిండు. ఇంకోసారి తెరిచిండు. ఆఖరుకు నా దిక్కు చెయ్యి చూపిచ్చిండు.

"నా మన్మరాలు ఐదో తరగతి సారూ. దాని రాత ముత్యాల లెక్కుంటది. నాయినమ్మ పేరు అదే రాస్తది."

సారు బుక్కు నా ఒళ్ళె పెట్టిండు. తక్కిన పొరల పేర్లు వరుసగ ఉన్నయి, ఐదు అని ఏసినకాడ మటుకు జాగ ఇడిసిపెట్టి ఉన్నది. నేను పెన్సిల్ పట్టుకున్న. అక్క మొకం కండ్ల ముంగట కనబడ్డది. గొడ్డుబండకా అన్న మాట చెవుల మోగింది. నేను నా పేరు రాసిన. సక్కగ, గుండ్రంగ, ఒత్తు గూడ తప్పకుండ రాసిన.

మీ నానమ్మ పేరా అని సారు అడిగిండు. తలకాయ ఊపిన.

"రాసినవా బిడ్డా?" అన్నడు తాత. పోరీ అనలే, బిడ్డా అన్నడు.

"రాసిన."

ఏడున్నది అన్నడు. చూపిచ్చిన. చదువు రాని మనిషి, బండ పొడి అంటిన బొటనవేలు నా పేరు మీద పెట్టి అటు నుంచి ఇటు ఒకసారి జరిపిండు. కాయితం మీద తెల్లటి గీత పడ్డది. సారు దాన్ని తుడవలే.

సాయంత్రం తాత పుట్నాలు, బెల్లం తెచ్చి ఊరంత పంచిండు. నేను పిడికెడు బుక్కిన, మస్తు తియ్యగ ఉండె. దొంగతనం బయటపడుతదని భయమయ్యి అక్క గడ్డివాములకెల్లి సీస తీసుకొని డేరాకు ఇయ్యనీకె పోయింది. ఎంతసేపటికో వచ్చింది. సారు తిట్టినట్టున్నడు, మొకం మాడ్చుకొని బెల్లం ముట్టకుండ పండుకున్నది. మంచిగైంది అనుకున్న. నేను గంత పాపిదాన్ని.

తెల్లారి జీపు పోయింది. తాత బుక్కు కోసం చూసుడు మొదలుపెట్టిండు. ఏ జీపు కనబడ్డా ఎదురుపోయి, మా బుక్కు వచ్చిందా సారూ అని అడుగుతుండె. మలేరియా మందు కొట్టనీకె వచ్చినోళ్ళను గూడ అడిగిండు. నేను చెప్పుదామని ఎన్నిసార్లు దగ్గరికి పోయిననో. సుత్తె తట్టి నవ్వుతుండె, 'ఇగో, సర్కారు బండ' అంటుండె, నేను అట్లనే ఎనుకకు వస్తుంటి. నాలుగైదేండ్లకు ఒక వానకాలం పోయిండు. ఆఖరు దినాలల్ల గూడ పోరీ, బుక్కు వస్తె ఆ పేరు మీద నా ఏలు ముద్ర ఉంటది, గుర్తుపట్టు అన్నడు. అనంతగిరి దేవునికి ఎన్ని కొబ్బరికాయలు కొట్టినా ఆ మాట నన్ను ఇడిసిపెట్టలే.

పెండ్లయ్యి వికారాబాద్ వచ్చిన. టీచర్ ట్రైనింగ్‌కు హైదరాబాద్ పోయినప్పుడు, పెన్సిల్ రాతే గద, దిద్దుత అనుకొని, ఆ సర్వే దఫ్తర్ ఏడున్నదో అడుక్కుంట పోయిన. ఒక క్లర్కు జర మంచోడు, అలమారలన్నీ ఎతికి రిపోర్టు తీసిండు. టైపు కొట్టిన ఇంగ్లీషు. మా గని ఉన్నది. ఒకటో పొర, రెండో పొర, రంగు, మందం. ఐదో పొర: నీలి బూడిద రంగు. పేర్లు లేవు. పటేల్ బండ లేదు, సవతులు లేవు, నాయినమ్మ లేదు, నేను లేను. సారు రాసుకున్న బుక్కు ఏది అంటె, నోట్‌బుక్కులు ఎవరు దాస్తరమ్మా అన్నడు క్లర్కు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డ. గంత పాపం చేసి నేను దొంగిలించింది ఏంది? ఏమీ లేదు. నా పేరు గూడ నిలవలే. నిలిచింది తాతకు చెప్పిన అబద్ధం ఒక్కటే. వాచ్‌మన్ వచ్చి, కూసో బిడ్డా, షాబాద్ బండ సల్లగుంటది అన్నడు. అది మా తాండూరు బండ. హైదరాబాదంత దాన్ని షాబాద్ బండ అనే అంటది, సొమ్మొకనిది సోకొకనిది. ఆ వాచ్‌మన్‌తోని ఇది తాండూరుది అని కొట్లాడిన. పిచ్చిదనుకున్నడు పాపం.

అక్క తాండూర్లనే ఉన్నది. దినాం పొద్దుగూకినంక ఫోన్ చేస్తది. ఎప్పుడో మాటలు కలిసినయి, మనుమలు మనుమరాండ్లు అయిండ్రు. ఆ ముచ్చట మటుకు ఇడిసిపెట్టదు. ఏ పెండ్లిల కలిసినా నలుగురి ముంగట, నా పేరు సర్కారు బుక్కుల ఉన్నది, నా చెల్లెనే రాసింది, అడుగుండ్రి అని నా దిక్కు చూస్తది. నేను కొంగు సర్దుకుంట.

ఇయ్యాల గూడ చిక్కుడుకాయలు అయిపోవచ్చేసరికి ఫోన్ మోగింది. మన్మరాలు స్పీకర్ పెట్టి, తాండూరు అమ్మమ్మా, ఈ పేర్లు నాకు వస్తలేవు అని ఏడుపు మొదలుపెట్టింది. అక్క నవ్వి మళ్ళ అదే కత, బండకు పేరు, సర్కారు బుక్కు. పోరి లేచి కూసొని నా దిక్కు తిరిగింది. ఏం పేరు, ఏడ రాసినవు అమ్మమ్మా, ఈ బూడిదరంగు దాంట్లనా, చెప్పు, ఈడ రాస్త అన్నది.

పెన్సిల్ ఇటియ్యి అన్న.

మెల్లగ రాయి అమ్మమ్మా, బుక్కు పక్కింటి పిల్లది, పరీక్షలు కాంగనే తుడిచి ఇచ్చెయ్యాలె అన్నది. ఇంకేం, తుడిపేసే రాత అయితెనే నా చేతికొస్తది. ప్రీకేంబ్రియన్ పక్కన జాగల రాసిన. అక్షరాలు వంకర పోయినయి. ముత్యాలు ఎప్పుడో రాలిపోయినయి.

ఫోన్‌ల అక్క అడిగింది.

"రాసినవా చెల్లె?"

"రాసిన."

"ఈసారన్న నాయినమ్మ పేరు రాసినవా, మళ్ళ నీదేనా?"

పెన్సిల్ బండ మీద పెట్టిన. నీకెట్ల తెలుసు అన్న.

"సీస ఇయ్యనీకె పోయిననాడు డేరాల సారు బుక్కు తెరిచే ఉండె. కూడబలుక్కొని చదివిన. నీ పేరు చదవనీకె నాకు ఎంతసేపు పట్టిందో" అన్నది అక్క. "ఇంటికొస్తె తాత పుట్నాలు పంచుతుండె. ఎట్ల చెప్పాలె?"